వాషింగ్ మెషీన్‌కి రెండో వైపు

1986లో షికాగోలో ఒక పన్నెండంగుళాల రికార్డు వచ్చింది. కంపెనీ పేరు ట్రాక్స్. కళాకారుడి పేరు మిస్టర్ ఫింగర్స్. మొదటి వైపు ఉన్నది ‘వాషింగ్ మెషీన్’. పేరుకి తగ్గట్టే గిరగిరా తిరిగే ట్రాకు. అంతకుమించి దాని గురించి నాకు చెప్పాలనిపించదు. రికార్డు తిప్పి రెండో వైపు పెడితే మొదట వచ్చేది ‘కెన్ యూ ఫీల్ ఇట్’. హౌస్ మ్యూజిక్ చరిత్ర ఎవరు ఏ మూల నుంచి మొదలుపెట్టి రాసినా ఈ రెండో వైపు దగ్గర ఆగకుండా ముందుకు పోలేరు.

మిస్టర్ ఫింగర్స్ అసలు పేరు లారీ హర్డ్. అప్పటికి ఇరవయ్యారేళ్ళు. బ్యాండుల్లో డ్రమ్స్ వాయించి, అక్కడ డ్రమ్మర్ చెప్పే స్వరాల మాట ఎవరూ వినిపించుకోరని అర్థమై, బయటికొచ్చి సొంతంగా ఒక సింథసైజరూ ఒక డ్రమ్ మెషీనూ కొనుక్కున్నవాడు. పగలు ఉద్యోగం సోషల్ సెక్యూరిటీలో, అంటే పెన్షన్లు చూసే కేంద్ర ప్రభుత్వ శాఖలో. ఆ రెండో వైపు పాట మీద హక్కులు చట్టప్రకారం అతని చేతికి తిరిగొచ్చింది 2022లో. మధ్యలో 36 ఏళ్ళు. నేను పుట్టి, ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగంలో చేరి, నాలుగు కంపెనీలు మారినంత కాలం.

రికార్డు ‘విడుదల’ అంటే ఏమిటన్నది నన్ను చాలాకాలంగా పట్టి పీడిస్తున్న ప్రశ్న. మా ఆఫీసుల్లో రిలీజ్ అన్న మాట రోజూ వినపడుతుంది. కోడ్ ఎవరు రాశారు, ఎవరి పేరు మీద చెక్ ఇన్ అయ్యింది, ఎప్పుడు బయటికెళ్ళింది, అన్నీ ఎక్కడో లాగ్‌లో ఉంటాయి. పాటకి అలాంటి లాగ్ ఏదైనా ఉందంటే అది రికార్డు మధ్యలో అతికించిన గుండ్రటి కాగితమే. షికాగో హౌస్ కథలో అందరూ మెషీన్ల గురించి రాస్తారు, డాన్స్ ఫ్లోర్ గురించి రాస్తారు. నాకు ఆ కాగితం గురించి రాయాలనుంది. కానీ ఫ్లోర్ గురించి చెప్పకుండా కాగితం దగ్గరికి రాలేం.

*

206 సౌత్ జెఫర్సన్ స్ట్రీట్. 1977లో రాబర్ట్ విలియమ్స్ అక్కడ వేర్‌హౌస్ అనే క్లబ్ తెరిచాడు. న్యూయార్క్ నుంచి ఫ్రాంకీ నకల్స్ అనే కుర్ర డీజేని రప్పించాడు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. మందు లేదు, జ్యూసులే. శనివారం రాత్రి మొదలైతే ఆదివారం మధ్యాహ్నందాకా డాన్స్. నకల్స్ పాత డిస్కో పాటల్ని టేపు మీద కత్తిరించి అతికించి, బాగున్న ముక్కని సాగదీసి వాయించేవాడు. ఊళ్ళో రికార్డుల షాపువాళ్ళు, ‘వేర్‌హౌస్‌లో వినిపించినవి’ అని బోర్డు పెట్టి అలాంటి రికార్డులు అమ్మేవారు. ఆ వేర్‌హౌస్ లోంచి ‘హౌస్’ అన్న ముక్క విడిపోయి ఒక సంగీతానికి పేరయ్యింది. ఈ పేరు పుట్టుక గురించి వేరే కథలు కూడా ఉన్నాయి గానీ అవి నాకంత నమ్మబుద్ధి కావు.

అదే ఊళ్ళో, 1979 జులై 12న, కామిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో రికార్డుల గుట్టని పేల్చేశారు. స్టీవ్ డాల్ అనే రేడియో జాకీ పిలుపు అది. ఒక డిస్కో రికార్డు తెచ్చిస్తే టికెట్ 98 సెంట్లే. రెండు మ్యాచ్‌ల మధ్య రికార్డుల్ని పేల్చారు, జనం మైదానంలోకి దూకారు, రెండో మ్యాచ్ జరగనేలేదు. ఆ రోజు స్టేడియంలో జనానికి సీట్లు చూపించే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడున్నాడు. సింథసైజర్ కొనుక్కోవాలని అతని కోరిక. జనం తెచ్చిన రికార్డుల్లో డిస్కోతో సంబంధం లేనివి, నల్లజాతి గాయకులు పాడినవైతే చాలన్నట్టు తెచ్చినవి చాలా కనిపించాయని అతను తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు.

పెద్ద కంపెనీలు డిస్కో నుంచి తప్పుకున్నాయి. డాన్స్ ఫ్లోర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. ప్రతి వారం అదే జనం, అదే ఆకలి. కొత్త రికార్డులు రావడం తగ్గిపోయింది. ఇంత సరళంగా చెప్తే చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు గానీ, హౌస్ పుట్టింది ఈ కొరతలోంచే అని నా నమ్మకం. వాయించడానికి సరుకు అయిపోతే, వాయించేవాళ్ళే సరుకు తయారుచెయ్యడం మొదలుపెట్టారు.

*

సరుకు తయారీకి మెషీన్లు దొరికాయి. ఎందుకు దొరికాయంటే, జపాన్ కంపెనీ రోలాండ్ వేసిన లెక్క తప్పింది కాబట్టి. టీబీ-303 అనే డబ్బాని పక్కన బేస్ వాయించే మనిషి లేని గిటారిస్టుల కోసం తయారుచేశారు. బేస్ గిటార్‌లా అది ఏ కోశానా వినపడలేదు. 1984కల్లా తయారీ ఆపేశారు. టీఆర్-808, టీఆర్-909 డ్రమ్ మెషీన్లకీ దాదాపు అదే గతి. అసలు డ్రమ్స్‌లా లేవని పేరున్న స్టూడియోలు పక్కనపెట్టాయి. అవి సెకండ్ హ్యాండ్ షాపుల్లోకి, అక్కణ్ణించి జీతం రాళ్ళతో నెట్టుకొచ్చే కుర్రాళ్ళ బెడ్‌రూముల్లోకి వచ్చాయి.

ఇక్కడ మనవాళ్ళకి ఇష్టమైన కథ ఒకటి చెప్పుకోవాలి. హిందీ సినిమాలకి వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో బొంబాయిలో ఈ మెషీన్లే, ఒక 808, ఒక 303, ఒక జూపిటర్-8, ముందు పెట్టుకుని పది రాగాల్ని డిస్కో బీట్ మీద వాయించాడు. భూపాలి (మన మోహనం), మాల్కౌన్స్ (మన హిందోళం), భైరవ్ (మన మాయామాళవగౌళకి దగ్గరది), ఇలా. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా ఆ రికార్డు విడుదల చేసింది. ఎవరూ కొనలేదు. 2010లో నెదర్లాండ్స్ నుంచి అది మళ్ళీ వచ్చినప్పుడు ప్రపంచం నోరు తెరిచింది. ఆసిడ్ హౌస్ మొదట మనమే కనిపెట్టామని వాట్సాప్ గ్రూపుల్లో చంకలు గుద్దుకున్నారు. ఆ రికార్డంటే నాకు ప్రాణం. కానీ కనిపెట్టడం అన్న మాట మాత్రం అక్కడ అతకదు. షికాగోలో దాన్ని ఎవరూ వినలేదు. బొంబాయిలో దానికోసం ఎదురుచూస్తున్న ఫ్లోర్ ఒక్కటీ లేదు. అతనికి దేశంలోకెల్లా పెద్ద రికార్డు కంపెనీ ఉంది, జనం లేరు. షికాగో కుర్రాళ్ళకి జనం ఉన్నారు, కంపెనీ లేదు.

కంపెనీ లేనప్పుడు విడుదల ఎలా? మనకి అలవాటైన వరుస వేరు. పాట రికార్డవుతుంది, విడుదలవుతుంది, ఆ తర్వాత జనం వింటారు. అక్కడ ఆ వరుస తిరగబడింది. ఇంట్లో క్యాసెట్ మీద చేస్తారు. తీసుకెళ్ళి డీజే చేతిలో పెడతారు. డీజే అదే రాత్రి వాయిస్తాడు. ఫ్యూచర్ అనే ముగ్గురు కుర్రాళ్ళ గుంపు, 303 మీటల్ని అడ్డదిడ్డంగా తిప్పుతూ చేసిన ట్రాకుని మ్యూజిక్ బాక్స్ క్లబ్‌లో రాన్ హార్డీకి ఇచ్చారు. మొదటిసారి వేస్తే ఫ్లోర్ ఖాళీ అయిపోయింది. హార్డీ మొండివాడు, కాసేపాగి మళ్ళీ వేశాడు. మళ్ళీ. ఆ రాత్రి నాలుగోసారి వేసేటప్పటికి జనం వెర్రెత్తిపోయారు. అది ‘ఆసిడ్ ట్రాక్స్’ పేరుతో రికార్డుగా వచ్చింది 1987లో. అప్పటికి ఊరంతా దాని దొంగ క్యాసెట్లు తిరిగాయి, రాన్ హార్డీ పేరు మీదే. పాట ముందు విడుదలై తర్వాత రికార్డయ్యిందన్నమాట.

ఈ పద్ధతిలో ఒక అందం ఉంది, ఒక గొయ్యి కూడా ఉంది. క్యాసెట్‌కి లేబుల్ లేదు. వాయించినవాడి పేరే చేసినవాడి పేరైపోతుంది.

*

డిస్కు కావాలంటే ప్రెసింగ్ ప్లాంట్ కావాలి. కరిగిన వినైల్ ముద్దని అచ్చులో వేసి నొక్కే కార్ఖానా. షికాగోలో అలాంటిది లారీ షెర్మన్ అనే తెల్లాయన నడిపేవాడు. 1984 జనవరిలో జెస్సీ సాండర్స్ అనే డీజే, మన స్టేడియం కుర్రాడు విన్స్ లారెన్స్, కలిసి ‘ఆన్ అండ్ ఆన్’ అనే రికార్డు తెచ్చారు. తొలి హౌస్ రికార్డు అని ఎక్కువమంది ఒప్పుకునేది దీన్నే. సాండర్స్ దగ్గరున్న ఒక మిక్స్ రికార్డు దొంగలెత్తుకుపోతే, దాని వెలితి తీర్చుకోవడానికి డ్రమ్ మెషీన్ మీద తనే మళ్ళీ తయారుచేశాడని కథ. లారెన్స్ తండ్రికి చిన్న రికార్డు కంపెనీ ఉండేది, కాబట్టి డిస్కులు ఎక్కడ అచ్చవుతాయో అతనికి తెలుసు. షెర్మన్ ప్లాంట్‌కి వెళ్ళారు.

నిజం చెప్పాలంటే ‘ఆన్ అండ్ ఆన్’ గొప్ప పాటేం కాదు. దాని గొప్పతనం అది అంత తేలిగ్గా ఉండడంలోనే ఉంది. విన్న ప్రతి కుర్రాడూ ‘ఇంతేనా? ఇది నేనూ చేస్తా’ అనుకున్నాడు. షికాగోలో ఆ రికార్డు తర్వాత వరసపెట్టి పుట్టిన వందలాది రికార్డులకి మూలం ఆ ‘ఇంతేనా’. షెర్మన్‌కి కూడా ఏదో అర్థమయ్యింది. ఈ కుర్రాళ్ళకి అచ్చువేసి పెట్టే బదులు తనే కంపెనీ పెట్టొచ్చు కదా అని. అదే ట్రాక్స్ రికార్డ్స్.

ట్రాక్స్ డిస్కులు ఎంత అధ్వాన్నంగా ఉండేవో సేకరించేవాళ్ళు కథలు కథలుగా చెప్తారు. అమ్ముడుపోని పాత రికార్డుల్ని లేబుల్ కాగితాలతో సహా కరిగించి కొత్తవి పోసేవాళ్ళట. సూది పెడితే చినుకుల్లా చిటపటలు. ఆ చప్పుడుని ‘ముడి సౌందర్యం’ అని పొగిడే వ్యాసాలు నేను చాలా చదివాను. నాకు మాత్రం అది నాసిరకం ప్లాస్టిక్, అంతే. లారీ హర్డ్ ఆ చిటపటలు చెయ్యలేదు.

*

అతను చేసింది ఏమిటో వినండి. 909 మీద నిమిషానికి 120కి అటూ ఇటూగా కిక్ డ్రమ్, నాలుగు దెబ్బలూ సమానమైన బరువుతో. తాళం వెయ్యడం అలవాటున్న చేతికి ఇది మొదట్లో విసుగ్గా ఉంటుంది. ఎక్కడా సమం లేదు, ఎత్తుగడా లేదు. దాని మీద జూనో-60 సింథసైజర్‌తో ఒక బేస్ లైను. జూనోలో ఒకేసారి ఆరు స్వరాలకి మించి మోగవు. కోరస్ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే ఒక్కో స్వరం పక్కన ఇంకో నీడ కొంచెం వెనకబడి నడుస్తుంది, పల్చటి శబ్దం వెడల్పవుతుంది. హర్డ్ ఆ వెడల్పు శబ్దంలో పొడుగాటి కార్డులు పరిచాడు. అవి మెల్లగా వస్తాయి, మెల్లగా పోతాయి. కింద బేస్ లైను మాత్రం కుదురుగా ఉండదు. ఎవరో ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు, మళ్ళీ మొదలుపెట్టినట్టు.

డాన్స్ కోసం చేసిన దాంట్లో ఇంత నెమ్మదితనం ఎలా కుదిరింది? డ్రమ్మర్ చేసింది కాబట్టే అనుకుంటాను. తాళం సంగతి చూసుకోవడానికి మెషీన్ వచ్చాక, ఇన్నాళ్ళూ బ్యాండులో ఎవరూ వినని స్వరాలన్నీ ఒక్కసారిగా బయటికి రావడానికి చోటు దొరికింది. అందరూ మెషీన్ వల్ల మనిషి మాయమయ్యాడంటారు. ఇక్కడ మెషీన్ మనిషికి చేతులు ఖాళీ చేసిపెట్టింది. ఇళ్ళలో క్యాసెట్ డెక్కుల మీద తయారైన ఈ తరహా సంగీతానికి ‘డీప్ హౌస్’ అని పేరొచ్చింది. పేరొచ్చాక అదే అచ్చులో వేలాది ట్రాకులు వచ్చాయి, ఇవాళ్టికీ వస్తున్నాయి, కాఫీ షాపుల్లో వినపడేవాటితో సహా.

ఆ మొదటి రికార్డులో మాటలు లేవు. తర్వాత వచ్చిన వెర్షన్లలో ఒకదాంట్లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం, ఇంకోదాంట్లో హౌస్ పుట్టుక మీద చర్చి ఫాదర్ గొంతుతో చక్ రాబర్ట్స్ చెప్పే ఉపన్యాసం కలిపారు. ఆ రెండోది ‘మై హౌస్’ అనే వేరే రికార్డు కోసం చెప్పింది. ఇవాళ చాలామందికి పాటంటే ఆ మాటలే. పాట మనది కానప్పుడు దాని మీద ఎవరి గొంతు ఎక్కుతుందో కూడా మన చేతిలో ఉండదు.

*

ఇక కాగితం సంగతి. జేమీ ప్రిన్సిపల్ అనే కుర్రాడు ‘యువర్ లవ్’ అనే పాట రాసి, పాడి, క్యాసెట్‌గా ఫ్రాంకీ నకల్స్‌కి చేరేలా చూశాడు. నకల్స్ దాన్ని క్లబ్‌లో వాయించి వాయించి ఊరంతటికీ కంఠతా వచ్చేలా చేశాడు. 1986లో పెర్సోనా అనే చిన్న కంపెనీ దాన్ని ప్రిన్సిపల్ పేరుతోనే తెచ్చింది. 1987లో ట్రాక్స్ కూడా తెచ్చింది. ఈసారి లేబుల్ మీద ఫ్రాంకీ నకల్స్ పేరుంది. పాడినవాడి పేరు పైకి రాలేదు. ప్రపంచం విన్నది ఈ రెండో రికార్డునే.

మార్షల్ జెఫర్సన్ పోస్టాఫీసు ఉద్యోగి. ‘మూవ్ యువర్ బాడీ’లో పాడింది అదే పోస్టాఫీసులో పనిచేసే స్నేహితుడు. హౌస్‌లోకి పియానోని ధాటిగా తెచ్చిన పాట అది. ఇది హౌస్ మ్యూజిక్ కాదు పొమ్మని షెర్మన్ అన్నాడని, అందుకే పాట పేరు పక్కన ‘హౌస్ మ్యూజిక్ యాంథమ్’ అని తగిలించానని జెఫర్సన్ చెప్పుకున్న కథ. 1986లో ఆ పాట విడుదల చేసింది మళ్ళీ ట్రాక్సే.

ఊళ్ళో కారు డిక్కీల్లోంచి డిస్కులు అమ్మినంతకాలం కాగితం మీద ఏం రాసుందో ఎవరికీ పట్టలేదు. వచ్చే డబ్బే తక్కువ. కానీ 1986లో ఇంగ్లండ్ నిద్రలేచింది. ‘లవ్ కాంట్ టర్న్ అరౌండ్’ అక్కడ టాప్ టెన్‌లోకి వెళ్ళింది. 1987 జనవరిలో స్టీవ్ ‘సిల్క్’ హర్లీ చేసిన ‘జాక్ యువర్ బాడీ’ ఏకంగా మొదటి స్థానానికి చేరింది. లండన్ కంపెనీలు షికాగో వచ్చి పాటలకి లైసెన్సులు కొనసాగాయి. లైసెన్సు ఎవరి దగ్గర కొనాలి? చేసినవాడి దగ్గర కాదు, కాగితం మీద హక్కుదారుగా ఎవరుంటే వాళ్ళ దగ్గర. ఇళయరాజా కోర్టు కేసులు ఫాలో అయినవాళ్ళకి ఈ తిరకాసు కొత్త కాదు. బాణీ మీద హక్కు ఒకటి, రికార్డింగ్ మీద హక్కు ఇంకొకటి. ఇరవయ్యేళ్ళ కుర్రాడికి ఇవేవీ తెలియవు, చేతిలో పెట్టిన నాలుగు నోట్లు తెలుస్తాయి.

షెర్మన్ని సమర్థించేవాళ్ళు లేకపోలేదు. అతని ప్లాంటే లేకపోతే ఈ సంగీతం క్యాసెట్లలోనే కుళ్ళిపోయేదని వాళ్ళ వాదన. అందులో సగం నిజముంది. బెడ్‌రూములో చేసిన టేపుని తీసుకుని అచ్చువేసే పెద్ద కంపెనీ అప్పట్లో ఏదీ కనపడదు. డబ్బు విషయంలో, వ్యాపారం నష్టాల్లో ఉందనో, లెక్కలు సరిగ్గా లేవనో, ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. కానీ ‘యువర్ లవ్’ లేబుల్ మీద జేమీ ప్రిన్సిపల్ అని వెయ్యడానికి ఎంతవుతుంది? ఆ కాగితం ఎలాగూ అచ్చవుతోంది, సిరా ఎలాగూ ఖర్చవుతోంది. ఆ సమర్థన నాకు అక్కడ ఆగిపోతుంది.

2020 జూన్‌లో లారీ హర్డ్, అతనితో కలిసి ఫింగర్స్ ఇంక్‌లో పాడిన రాబర్ట్ ఓవెన్స్, ట్రాక్స్ మీద దావా వేశారు. తమకి రాయల్టీలు ఇవ్వలేదని వాళ్ళ ఆరోపణ. షెర్మన్ అదే ఏడాది దావాకి కొద్దికాలం ముందే పోయాడు. 2022లో రాజీ కుదిరి పాటల హక్కులు ఇద్దరికీ తిరిగొచ్చాయి. ఆ ఎండాకాలంలోనే డ్రేక్, బియాన్సే ఇద్దరూ హౌస్ పునాదుల మీద ఆల్బమ్‌లు తెచ్చి, ఆ సంగీతాన్ని మళ్ళీ ప్రపంచం నెత్తిన పెట్టడం యాదృచ్ఛికమే. రాజీ జరిగిన రెండు నెలలకి మార్షల్ జెఫర్సన్, అడోనిస్, ఇంకా పదిమందికి పైగా కలిసి అదే కంపెనీ మీద కోర్టుకెక్కారు.

ఇవాళ కొత్తగా హౌస్ ట్రాక్ చేసే కుర్రాడికి ప్రెసింగ్ ప్లాంట్‌తో పని లేదు. ల్యాప్‌టాప్‌లో చేసి, రాత్రికి రాత్రే తన పేరుతో బయటికి వదలొచ్చు. మళ్ళీ వరుస మారింది. లేబుల్ మీద పేరుంది, ఫ్లోర్ లేదు. ఒక రకంగా వాళ్ళంతా చరణ్‌జిత్ సింగ్ వారసులు. ఎవరో ఎప్పుడో వింటారని ఎదురుచూస్తుంటారు.

హర్డ్ మాత్రం 1985లోనే, ట్రాక్స్ కంటే ముందు, ‘మిస్టరీ ఆఫ్ లవ్’ అనే తన తొలి రికార్డుని సొంతంగా పెట్టుకున్న అలీవియేటెడ్ అనే లేబుల్ మీద తెచ్చాడు. 2016లో కాన్యే వెస్ట్ ‘ఫేడ్’ పాటలో వాడుకున్నది దాంట్లో ముక్కే. 2018లో మిస్టర్ ఫింగర్స్ పేరుతో ‘సెరిబ్రల్ హెమిస్ఫియర్స్’ ఆల్బమ్ తెచ్చినప్పుడు కూడా డిస్కు మధ్యన అలీవియేటెడ్ అనే ఉంది. వినాలనుకుంటే దానికంటే ముందు ‘కెన్ యూ ఫీల్ ఇట్’ వినండి. మాటలున్న వెర్షన్లే ముందు కనపడతాయి, వాటిని దాటి వెళ్ళండి. మాటలు లేనిది కావాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కిక్ డ్రమ్‌ని కాసేపు పట్టించుకోకుండా, కింద నడిచే ఆ బేస్ లైన్ని వినండి.